చిన్న పట్టణాల మురుగునీటి శుద్ధి: కుంటలు మేలా, యంత్రాలు మేలా?

శుద్ధి అయిన నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయో తేల్చుకోకుండా ఏ పద్ధతి మంచిదని అడిగితే సరైన జవాబు దొరకదు. మున్సిపల్ సమావేశాల్లో మాత్రం చర్చ ఎప్పుడూ ఎన్ని కోట్లు, ఏ కంపెనీ అన్న దగ్గరే మొదలవుతుంది. పాలమూరు, నల్లగొండ వైపు చిన్న పట్టణాల్లో పాతికేళ్లకు పైగా నీటి సరఫరా, మురుగు కాలువల పని చూసిన అనుభవంతో ఇది రాస్తున్నాను. వార్డు కౌన్సిలర్లు, కాలనీ సంఘాల వాళ్లు, చెరువు కింద సాగు చేసే రైతులు, చేపలు పట్టి బతికేవాళ్లు తమ ఊరి ప్రతిపాదన కాగితాలు ముందు పెట్టుకుని గట్టిగా ప్రశ్నలు అడగాలన్నది నా కోరిక.

నీళ్లు చేరే చోటు

మన వైపు పట్టణాలు చాలావరకు చెరువును నమ్ముకుని పుట్టినవే. మహబూబ్‌నగర్‌కు పెద్ద చెరువు ఉంది, నాగర్‌కర్నూల్‌కు కేసరి సముద్రం ఉంది. పేరు తెలియని కుంటలకు లెక్కే లేదు. ఊరు పెరిగినకొద్దీ మురుగు కూడా నేల వాలును బట్టి ఆ చెరువుల వైపే దిగుతుంది. కట్టకు పైన పెరిగిన కాలనీల మురుగు చెరువులోకి పోతే, కట్టకు దిగువన పెరిగిన కాలనీల మురుగు ఆయకట్టు కాలువలో కలుస్తుంది. మిగిలింది వాగులోకి, అక్కడి నుంచి మూసీకో కృష్ణకో చేరుతుంది. హైదరాబాద్ మురుగు మూసీలో కలిసి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల పొలాల మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలవడం మన కళ్లముందే ఉంది. పై ఊరి నిర్లక్ష్యం కింది ఊరి బావిలో కనిపిస్తుందని మూసీ పక్కన బతికేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నీళ్లు చెరువులోకే పోతాయనుకుందాం. అప్పుడు మొదట చూడాల్సింది బీఓడీ. నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే లెక్క ఇది. శుద్ధి చేయని మురుగులో లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2017లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం మన లాంటి పట్టణాల్లో శుద్ధి తర్వాత అది 30 దాటకూడదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి బిగించమని ఆదేశించింది. కానీ చెరువు విషయంలో బీఓడీ ఒక్కటే చాలదు. నత్రజని, భాస్వరం తగ్గకపోతే తేటగా కనిపించే నీళ్లు కూడా గుర్రపు డెక్కను మేపుతాయి. ఆకు కప్పేసిన చెరువులోకి ఎండ దిగదు, గాలి దిగదు. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని నీటి పైకి వచ్చి గుటకలు వేస్తున్నాయంటే రాత్రంతా ప్రాణవాయువు అందలేదన్న మాట. తొలకరి వానకు చేపలు తేలే చెరువులు ఇంకోరకం. వేసవి అంతా నాలాల్లో పేరుకున్న నల్లటి బురద ఒక్క వానతో కొట్టుకొచ్చి పడుతుంది కాబట్టి అలా జరుగుతుంది.

నీళ్లు నేరుగా పొలాలకు పోయేటట్లయితే లెక్క మారిపోతుంది. నత్రజని అక్కడ ఎరువే. భయపడాల్సింది ఏలికపాము, కొంకిపురుగు గుడ్ల గురించి, విరేచనాల క్రిముల గురించి. మోకాళ్ల లోతు బురదలో ఒట్టి కాళ్లతో నాట్లు వేసేది మన ఆడవాళ్లే. సాగుకు వాడే శుద్ధి నీటిలో ఏలికపాము లాంటి పురుగుల గుడ్లు లీటరుకు ఒకటికి మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. పద్ధతుల మధ్య ఎంపిక చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

నీళ్లు ఎన్ని?

మిషన్ భగీరథ కింద మున్సిపాలిటీలకు తలసరి 135 లీటర్ల లెక్కన నీళ్లిస్తారు. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని ఇంజినీర్ల లెక్క. యాభై వేల జనాభాకు రోజుకు 54 లక్షల లీటర్లు, అంటే 5.4 ఎంఎల్‌డీ (రోజుకు పది లక్షల లీటర్లయితే ఒక ఎంఎల్‌డీ). కాగితం మీద లెక్క ఇదే. నాలాలో నిజంగా పారేది వేరు. సగం ఇళ్ల నీళ్లు ఇంకుడు గుంతల్లో ఇంకిపోతాయి, కొన్ని పెరటి చెట్లకు పోతాయి, కొన్ని వీధుల్లోనే ఆవిరైపోతాయి.

కాబట్టి మీరే కొలవండి. నాలా తిన్నగా ఉన్న చోట పది మీటర్లు కొలిచి రెండు గీతలు గీయండి. ఎండు పుల్ల ఒకటి వేసి, ఆ పది మీటర్లు దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూడండి. నీటి వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 15 సెంటీమీటర్లు ఉండి పుల్లకు 25 సెకన్లు పట్టిందనుకుందాం. అడుగు నీరు పైనీటి కన్నా మెల్లగా కదులుతుంది కాబట్టి వచ్చిన లెక్కలో 80 శాతమే తీసుకోవాలి. అలా చూస్తే సెకనుకు సుమారు 29 లీటర్లు, రోజంతా అదే వేగంతో పారితే దాదాపు 25 లక్షల లీటర్లు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఉధృతి ఎక్కువ, రాత్రి రెండింటికి సన్నని ధార. గంటగంటకూ రాసుకుని సగటు తీయాలి. ఎండాకాలంలో ఒకరోజు, వాన లేని వానాకాలపు రోజున ఒకసారి కొలిస్తే ప్రతిపాదనలోని అంకె నిజమో కాదో తెలిసిపోతుంది. అవసరానికి రెండింతలు కట్టిన కేంద్రాలు సగం ఖాళీ తొట్లతో నడవడం నేను చూశాను. తిండి చాలక అందులోని సూక్ష్మజీవులు బతకవు, బిల్లు మాత్రం వస్తుంది.

శుద్ధి కుంటలు

పాత పద్ధతి ఇది. వరుసగా మూడు రకాల కుంటలు తవ్వుతారు. మొదటిది మూడు నాలుగు మీటర్ల లోతున్నది, బరువైన మలినం అందులో అడుగుకు దిగి గాలి లేకుండానే కుళ్లుతుంది. రెండోది ఒకటిన్నర మీటర్ల లోతు. పైన పచ్చటి నాచు పగలంతా ఎండలో ప్రాణవాయువు విడుస్తుంటే, సూక్ష్మజీవులు దాన్ని పీల్చుకుని మలినాన్ని తింటాయి. మూడోది ఇంకా లోతు తక్కువ, ఎండలోని అతినీల లోహిత కిరణాలు క్రిములను చంపేది అక్కడే. మొత్తం మీద నీళ్లు పది నుంచి ఇరవై రోజులు నిలుస్తాయి. మోటార్లు లేవు, గాలి ఊదే బ్లోయర్లు లేవు. నల్లగొండ ఎండ జనానికి శాపమే గానీ కుంటలకు వరం. వేడి ఎక్కువైనకొద్దీ అందులో పని చురుకవుతుంది.

కుంటల గొప్ప గుణం ఏలికపాము గుడ్లను పట్టుకోవడం. అన్నాళ్లు కదలకుండా నిలిచిన నీటిలో గుడ్లు అడుగుకు దిగిపోతాయి. పొలాలకు పారించే నీటికి ఇంత నమ్మకమైన పద్ధతి ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇబ్బంది భూమితోనే. ఒక ఎంఎల్‌డీకి ఒకటి నుంచి రెండు హెక్టార్లు కావాలి. 5 ఎంఎల్‌డీకి పన్నెండు నుంచి పాతిక ఎకరాలు. ఊరికి దగ్గర్లో అంత ప్రభుత్వ భూమి దొరక్క, చెరువు శిఖం భూమి చూపించడం మామూలైపోయింది. దయచేసి దానికి ఒప్పుకోవద్దు. చెరువు నిండిన ఏడాది శుద్ధి కుంటలు మునిగి, పేరుకున్న బురదంతా చెరువులో కలుస్తుంది. ఇంకో సంగతి, మనది గ్రానైట్ నేల. పగుళ్ల గుండా మురుగు దిగితే కింది బోర్లలో నైట్రేట్ పెరుగుతుంది. అడుగున బంకమట్టి బాగా తొక్కించడమో, ప్లాస్టిక్ పొర పరవడమో చేయకుండా కుంట తవ్వనివ్వకూడదు.

ఆవిరి కూడా లెక్కలోకి రావాలి. ఎనిమిది హెక్టార్ల కుంటల మీద మే నెలలో రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే 6 లక్షల 40 వేల లీటర్లు పోయినట్టే. 5 ఎంఎల్‌డీ, అంటే రోజుకు వచ్చే యాభై లక్షల లీటర్లలో అది ఎనిమిదో వంతు. నీళ్లకు కరువున్న పాలమూరులో ఇది చిన్న నష్టం కాదు. అయినా కరెంటు బిల్లుతో పోల్చి చూసుకుంటే నేను దీన్ని భరించమనే చెబుతాను. చెరువులోకి వదిలేటట్లయితే మాత్రం కుంట నీటిలోని నాచు చెరువుకు చేటు. దాన్ని రాళ్ల వడపోతలో ఆపాలి.

కుంట ఆరోగ్యం రంగులో తెలుస్తుంది. ముదురు పచ్చగా ఉంటే బాగున్నట్టు. బూడిద రంగుకు తిరిగినా, గులాబీ ఛాయ తేలినా మోయలేని బరువు పడిందని అర్థం. కాపలాదారు గట్ల మీద గడ్డి కోయించి, అంచుల్లో ఆకు చేరకుండా చూస్తే దోమలు పెరగవు. ఆ ఒక్క మనిషికి నెలనెలా జీతం ఆగకుండా అందాలి.

యంత్రాల కేంద్రం

ఇప్పుడు ప్రతిపాదనల్లో ఎక్కువగా కనిపించేది ఎస్‌బీఆర్. ఒకే తొట్టిలో వంతులవారీగా నీళ్లు నింపడం, గాలి ఊదడం, కదలకుండా తేరనివ్వడం, పైనున్న తేట నీటిని తీయడం జరుగుతాయి. ఒక చుట్టుకు మూడు నాలుగు గంటలు. అంతా కంప్యూటర్ నడుపుతుంది. 5 ఎంఎల్‌డీ కేంద్రం ఎకరంన్నర, రెండెకరాల్లో ఇమిడిపోతుంది. బాగా నడిస్తే బీఓడీని 10కి దించుతుంది, నత్రజనిని కూడా తగ్గిస్తుంది. చెరువుకు పంపే నీటికి ఇదే సరైన పద్ధతి. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

అయితే ఒక ఎంఎల్‌డీకి రోజుకు 150 నుంచి 200 యూనిట్ల కరెంటు కావాలి. 5 ఎంఎల్‌డీకి రోజుకు 900 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 6,300 రూపాయలు. నెలకు లక్షా తొంభై వేలు, అది కూడా ఒక్క కరెంటుకే. మనుషులు, మరమ్మతులు, బురద తరలింపు దీనికి అదనం. 2015లో మొదలైన అమృత్ పథకంలో నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ ఉన్నాయి. 2021 నాటి రెండో విడతలో చిన్న పట్టణాలకూ చోటిచ్చారు. ఇలాంటి పథకాల్లో కట్టడానికి కేంద్రం నుంచి కొంత డబ్బు వస్తుంది. పదేళ్ల పాటు కరెంటు బిల్లు కట్టాల్సింది మాత్రం మున్సిపాలిటీయే, ఆస్తిపన్ను సగం వసూలైన ఏడాది కూడా.

యంత్రాల కేంద్రంలో అసలు పనిచేసేది యంత్రం కాదు, గోధుమ రంగు బురదలో బతికే సూక్ష్మజీవులు. వాటి నాడి చూడటానికి ఒక పరీక్ష ఉంది. గాలి ఊదుతున్న తొట్టిలోంచి లీటరు గాజు జాడీ నిండా నీళ్లు ముంచి, బల్ల మీద కదలకుండా అరగంట ఉంచుతారు. మొదట అంతా పల్చటి కాఫీలా ఉంటుంది. రెండు మూడు నిమిషాలకు చిన్నచిన్న పింజలు ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లగా దిగడం మొదలవుతుంది, పైన వేలెడు తేట కనిపిస్తుంది. అరగంటయ్యేసరికి బురద 200, 400 గీతల మధ్య కూర్చుని పైన నీళ్లు అవతలి అక్షరాలు చదవగలిగేంత తేటగా నిలవాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి మట్టి వాసన రావాలి. బురద 800 గీత దగ్గరే వేలాడుతుంటే తేట నీటితో పాటు అది కూడా బయటికి పోతుంది. నల్లబడి కుళ్లు వాసన వస్తే గాలి అందలేదన్న మాట. ఒకచోట వరుసగా రెండు రోజులు కరెంటు లేక, జనరేటర్‌లో డీజిల్ లేక, తొట్టి మొత్తం నల్లబడింది. మళ్లీ ఆ గోధుమ రంగు రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ మురుగు యథాతథంగా చెరువులోకే పోయింది. గట్టు మీద నిలబడి చూస్తూ ఏమీ చేయలేకపోయిన ఆ రోజులు ఇప్పటికీ మరవలేను.

ఎంబీబీఆర్ అనే ఇంకో యంత్ర పద్ధతిలో తొట్టిలో ప్లాస్టిక్ చక్రాలు తేలుతుంటాయి, సూక్ష్మజీవులు వాటికి అంటుకుని పెరుగుతాయి. స్థలం ఇంకా తక్కువ, కరెంటు ఖర్చు ఎస్‌బీఆర్ కన్నా ఎక్కువే. అపార్ట్‌మెంట్లకు, ఆసుపత్రులకు బాగుంటుంది. హైదరాబాద్ అంబర్‌పేటలో ఉన్నటువంటి యూఏఎస్‌బీ పద్ధతికి (గాలి ఊదకుండా, బురద పొర గుండా మురుగును కింది నుంచి పైకి పంపేది) చిక్కటి మురుగు కావాలి. మన తెరిచిన నాలాల పల్చటి నీళ్లకు అది నప్పదు. నాలాలో ఏదో ద్రావణం పోస్తే చాలు, శుద్ధి అయిపోతుందని వచ్చేవాళ్లను నమ్మకండి.

మొక్కల వడపోత వేరు. కంకర పరచిన మడుల్లో మెట్టతామర, జమ్ము నాటి, తేర్చిన మురుగును వేళ్ల మధ్య నుంచి పారిస్తారు. నీరు పైకి కనిపించదు కాబట్టి దోమలుండవు. మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్ల చొప్పున స్థలం పడుతుంది. అందుకే ఊరంతటికీ పెట్టడం కష్టం. మూడు నాలుగు వేల మంది ఉండే ఒక్క నాలాకు, గురుకుల హాస్టళ్లకు ఇంతకన్నా అందమైన పద్ధతి లేదు.

సెప్టిక్ ట్యాంకుల సంగతి

ఇన్ని పద్ధతులు చర్చించేటప్పుడు అందరూ మరిచేది ఇదే. చిన్న పట్టణాల్లో భూగర్భ డ్రైనేజీ ఉండదు. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు నాలాలోకి పోతాయి, మరుగుదొడ్డిది సెప్టిక్ ట్యాంకులోకి. నిండాక ట్యాంకర్ పిలుస్తారు. ఆ ట్యాంకర్ రాత్రిపూట ఏ వాగులో, ఏ బీడు పొలంలో ఖాళీ అవుతుందో అడిగేవారు లేరు. ఆ మలం మామూలు మురుగు కన్నా ఎన్నో రెట్లు చిక్కన. నాలాకు కోట్లు పెట్టి ఎస్‌బీఆర్ కట్టి, ట్యాంకర్లను వాగుకు వదిలేస్తే ఊరికి ఒరిగేదేమీ ఉండదు.

పన్నెండు వేల ఇళ్లు, మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలనుకుంటే ఏడాదికి 4,000 ట్యాంకులు. 300 పనిరోజులకు పంచితే రోజుకు పదమూడు. ఒక్కోటి 3,000 లీటర్లయితే రోజుకు దాదాపు 40 వేల లీటర్లు. ఊరి మొత్తం మురుగులో ఇది నూరో వంతు కూడా కాదు, రోగాలు పుట్టించే సరుకు మాత్రం చాలావరకు ఇందులోనే ఉంటుంది. ఇసుక, కంకర పరచిన మడుల్లో జానెడు మందాన పరిస్తే మన ఎండకు పది పదిహేను రోజుల్లో ఎండి పెళ్లలు కడుతుంది. కిందికి కారిన నీటిని విడిగా శుద్ధి చేయాలి. ఎండిన పెళ్లల్లో ఏలికపాము గుడ్లు ఇంకా బతికే ఉంటాయి, కాబట్టి తడి చెత్తతో కలిపి వేడెక్కేలా కుప్ప వేసి మాగబెట్టాకే పొలానికి ఇవ్వాలి. మానవ వ్యర్థాల శుద్ధి కేంద్రం అని పత్రికల్లో చదివేది దీన్నే. కర్ణాటకలోని దేవనహళ్లి 2015లోనే కట్టుకుంది, వరంగల్ కూడా ముందే అడుగు వేసింది. రెండు మూడెకరాలు చాలు.

ట్యాంకులోకి మనిషి దిగకూడదు. 2013 చట్టం రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువలు మనుషులతో శుభ్రం చేయించడాన్ని నేరంగా చెప్పింది. మీ ఇంట్లో ఆ పని చేయించే రోజు ఆ మాట మీరే పట్టుబట్టాలి.

ఏ ఊరికి ఏది

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వంటి చిన్న పట్టణాల్లో నేనైతే మొదటి ఏడాదే మానవ వ్యర్థాల కేంద్రం కడతాను, ట్యాంకర్లకు రిజిస్ట్రేషన్ పెడతాను. ఆ తర్వాత నాలా చెరువులో కలిసేలోపు అడ్డంగా జల్లెడ, ఇసుక గుంత కట్టి నీటిని శుద్ధి కుంటలకు మళ్లిస్తాను. భూమి పది ఎకరాల లోపే దొరికితే మొదటి లోతు కుంట ఉంచి, రెండో కుంటలో నీటిలోకి గాలి కలిపే తేలే ఏరేటర్లు నాలుగైదు పెడతాను. కరెంటు పోయినా కుంట చచ్చిపోదు. నీళ్లు ఆయకట్టుకే ఇస్తాను, చెరువుకు కాదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి లక్ష దాటిన పట్టణాల్లో పాతిక ఎకరాల మాట ఎత్తలేం. అక్కడ ఎస్‌బీఆర్ తప్పదు. కానీ ఒక్కసారే పెద్దది కట్టకుండా రెండు మూడు భాగాలుగా, ఇళ్ల కనెక్షన్లు పెరిగినకొద్దీ కట్టమని అడగాలి.

వనపర్తి, గద్వాల అంత పట్టణాల్లో నిర్ణయం కష్టం. భూమి ఉంటే కుంటలు, చెరువులో చేపల మీద వందల కుటుంబాలు బతుకుతుంటే ఎస్‌బీఆర్ అంటాను. రెండూ ఉన్న చోట ఊరి ఒక వైపు నాలాకు కుంటలు, చెరువు వైపు నాలాకు చిన్న ఎస్‌బీఆర్ పెట్టడంలో తప్పేమీ లేదు.

నల్లగొండ పేరుతో ఒక శుద్ధి పద్ధతే ఉందని చాలామందికి తెలుసు. ఫ్లోరైడ్ నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే ఆ పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. ఊళ్లో దొరికే వస్తువులతో ఊరి మనిషి చేయగల పని కావడమే దాని బలం. పటిక మోతాదు రోజూ సరిచూసే మనిషి లేకపోతే అది కూడా పనిచేయదు. మురుగు కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు నేను ముందు ఆ మనిషి కోసమే వెతుకుతాను.

అందుకే టెండరులో కట్టే ఖర్చుతో పాటు పదేళ్లు నడిపే ఖర్చు కూడా ఒకే అంకెగా ఉండాలి. నడిపినందుకు ఇచ్చే డబ్బు నీటి పరీక్ష ఫలితానికి ముడిపడి ఉండాలి. మీ ఊళ్లో యంత్రాల కేంద్రం ఇప్పటికే ఉంటే చెప్పకుండా తెల్లవారుజామున అయిదింటికి వెళ్లండి. తొట్టిలో బుడగలు వస్తున్నాయో లేదో చూసి, కరెంటు మీటరు అంకె రాసుకోండి. వారం తర్వాత అదే వేళకు మళ్లీ రాసుకోండి. 5 ఎంఎల్‌డీ శుద్ధి చేశామని రిజిస్టర్‌లో రాసి ఉండి, మీటరు మాత్రం వారానికి 6,000 యూనిట్లకు బదులు 1,500 దగ్గర ఆగి ఉంటే, ఆ రెండు అంకెలనూ ఒకే కాగితం మీద రాసి కమిషనర్‌కు, కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి.